అభిషిక్తుణ్ణి ముట్టొద్దు సరే, లెక్కల పుస్తకం ముట్టొచ్చా?

ప్రశ్న: వందనాలమ్మా. మాది ప్రొద్దుటూరు. నాకు 26 ఏళ్ళు, ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. మా నాన్న, ఇంకో ఐదారు కుటుంబాలు కలిసి ముప్పై ఏళ్ళ కింద పెట్టుకున్న స్వతంత్ర సంఘం మాది. పెద్ద పాస్టర్ గారు మూడేళ్ళ కింద ప్రభువు నందు నిద్రించారు. ఇప్పుడు వాళ్ళబ్బాయి నడుపుతున్నాడు. ఎల్‌ఈడీ స్క్రీను, డ్రమ్స్, లైవ్ అన్నీ వచ్చాయి. కొత్త మందిరం గురించి దర్శనం వచ్చిందని చందాలు వసూలు చేస్తున్నారు. స్థలం సంఘం డబ్బుతో కొన్నదే, కానీ రిజిస్ట్రేషన్ పాస్టరమ్మ పేరు మీద జరిగిందని అంటున్నారు. లెక్కలు అడిగితే "అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అన్నాడు, అంటే దేవుడు ఎంచుకున్న మనిషిని ప్రశ్నించకూడదని. నాన్న సంఘ పెద్ద. "ఊరుకో తల్లీ, బయటివాళ్ళ ముందర పరువు పోతాది" అంటాడు. నా సండే స్కూల్లో 40 మంది ఉండేవాళ్ళు, ఇప్పుడు 11 మంది. బెంగళూరులో ఉండే మా అన్న చర్చికి పోవడమే మానేశాడు. అమెరికా చర్చిల వార్తలు పంపి, "మీ ఎవాంజెలికల్ కథ అక్కడే అయిపోయింది, ఇక్కడ ఇంకెన్నాళ్ళు?" అంటాడు. నిజంగానే అయిపోయిందా? ఉజ్జీవం రావాలని, అంటే చల్లబడిన విశ్వాసం మళ్ళీ రగలాలని చిన్నప్పటి నుంచి ప్రార్థన చేస్తూనే ఉన్నాం. నేను ఈ సంఘంలో ఉండాలా, పోవాలా? ఇంకో విషయం కూడా ఉంది, అది రాయలేను.

జవాబు: వందనాలు తల్లీ.

నీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఆ రాయలేని విషయం డబ్బుకు సంబంధించిందైతే కిందకి పోయి చదువుకో. అది ఒక ఆడపిల్లకో, చిన్నబిడ్డకో జరిగిన అన్యాయమైతే మాత్రం ఈ జవాబులో మిగతాదంతా పక్కన పెట్టు. పెద్దల కూటంలో పెట్టకు, ఉపవాస ప్రార్థనలో అందరి ముందూ చెప్పకు. ఆ బిడ్డకు 18 ఏళ్ళు నిండకపోతే 1098కి ఫోన్ చెయ్యి, లేదంటే నేరుగా పోలీసు స్టేషనుకు పో. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు చెప్పి తీరాలి, తెలిసీ చెప్పకపోతే అదే నేరం. పెద్దమ్మాయి అయితే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది, కానీ ఆమె సరేనన్నాకే, ఆమె పక్కన కూర్చునే చెయ్యి. "క్షమించడం నేర్చుకోవాలమ్మా" అంటూ ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. క్షమించాలా వద్దా అన్నది ఆ బిడ్డ చూసుకుంటుంది. ఫిర్యాదు ఇవ్వడానికి దానితో పనిలేదు.

ఇప్పుడు మీ అన్న సంగతి.

అతను పంపే వార్తలు అబద్ధం కావు. అమెరికాలో క్రైస్తవులమని చెప్పుకునేవాళ్ళు 2007లో నూటికి 78 మంది ఉండేవారు. అక్కడి సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ వాళ్ళ 2023-24 సర్వేకి వచ్చేసరికి 62 మంది. అక్కడి ప్రొటెస్టెంటు సభల్లో అన్నిటికంటే పెద్దది సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్. 2006లో 1 కోటి 63 లక్షల మంది సభ్యులుండేవారు, 2024కి 1 కోటి 27 లక్షలకు దిగింది. 2022 మేలో ఆ సభ మీదే ఒక విచారణ రిపోర్టు వచ్చింది. పాస్టర్ల చేతుల్లో లైంగిక హింసకు గురైనవాళ్ళు ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటే పైవాళ్ళు చెవిన పెట్టలేదనీ, మరోపక్క 700 మందికి పైగా నిందితుల పేర్లతో ఒక జాబితా ఆఫీసులోనే గుట్టుగా ఉందనీ అందులో తేలింది. మీ అన్న అడిగేది ఊరకే అడగడం లేదు. ఇలాంటివి చదివి కూడా ఏమీ అనిపించనివాళ్ళ గురించే నాకు దిగులు.

అయితే అతను నీకు పంపి ఉండని సంగతి ఒకటుంది. ఆ సర్వేలోనే, గత ఐదేళ్ళుగా ఆ దిగుడు ఇంచుమించు ఆగినట్టుందని కూడా రాశారు. దాన్ని పట్టుకుని నేను హల్లెలూయ అనను, రేపు మళ్ళీ దిగొచ్చు. నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. ఆ 2022 రిపోర్టు ఎలా వచ్చింది? దెబ్బతిన్న ఆడవాళ్ళు ఊరుకోలేదు. "సంఘానికి చెడ్డపేరు తెస్తున్నారు" అని తిట్టినా ఊరుకోలేదు. చివరికి 2021 సభలో ఊళ్ళ నుంచి వచ్చిన మామూలు ప్రతినిధులే ఓటేసి విచారణ పెట్టించారు. ఆ సభలో జనం తగ్గిపోయిందీ, ఎవరూ వినని మొర మొదటిసారి విన్నదీ దాదాపు అదే కాలంలో. ఇందులో దేన్ని పతనం అనాలో, దేన్ని ఉజ్జీవం అనాలో నువ్వే చెప్పు.

మన దగ్గర జనాభా లెక్కల సంగతి ఇంకా తమాషా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 2001లో 1.55 శాతం, 2011లో 1.34 శాతం. ఆదివారం పొద్దున ప్రొద్దుటూరులో నాలుగు వీధులు తిరిగినవాళ్ళు ఎవరూ ఈ లెక్కను నమ్మరు. కారణం నీకూ తెలుసు, నాకూ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి వచ్చిన క్రైస్తవులు మన రాష్ట్రంలో వెనుకబడిన కులాల్లోని బీసీ-సీ గ్రూపు, వాళ్ళకు దక్కేది 1 శాతం రిజర్వేషను. అందుకే ఆదివారం ఒక పేరు, తహసీల్దార్ ఆఫీసులో ఇంకో పేరు. నేను ఎవరికీ తీర్పు తీర్చను, మా బంధువుల్లోనే ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. నేను చెప్పేదల్లా, తలలు లెక్కపెట్టి భవిష్యత్తు చెప్పేవాళ్ళను నమ్మకు అని. "అయిపోయింది" అనేవాళ్ళనూ నమ్మకు, "లక్షల ఆత్మలు" అని పోస్టర్లు వేసేవాళ్ళనూ నమ్మకు.

ఎవాంజెలికల్ అంటే ఏమిటని మీ అన్నను ఒకసారి అడుగు. మనం సువార్తిక సంఘాలు అంటాం. బ్రిటన్ చరిత్రకారుడు డేవిడ్ బెబ్బింగ్టన్ 1989లో నాలుగు గుర్తులు చెప్పాడు: బైబిలే ఆధారం, సిలువే కేంద్రం, మనిషి మారాలి, నమ్మినది చేతల్లో కనబడాలి. ఇందులో ఎల్‌ఈడీ స్క్రీను లేదు. అమెరికా ఎన్నికలు లేవు. పాస్టరు కొడుకే పాస్టరు కావాలన్న మాట అసలే లేదు. మీ అన్న విసిగిపోయింది ఈ నాలుగింటి మీదనా, వీటి చుట్టూ పెరిగిన కంప మీదనా? ఆ తేడా అతనికే తెలియకపోవచ్చు. వాదించకు, అడుగు.

మన తెలుగునేల మీద ఉజ్జీవం ఎలా వచ్చిందో ఒక్కటి చెప్తాను. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషన్ పెట్టారు. ఏళ్ళు గడిచినా పట్టుమని పదిమంది లేరు. 1853లో అమెరికాలో జరిగిన సమావేశంలో, దీన్ని మూసేద్దామా అని చర్చ వచ్చింది. పటంలో బర్మా వైపు బోలెడు చుక్కలు, నెల్లూరు దగ్గర ఒకే ఒక్క చుక్క. మూయలేదు, కానీ మూసేసినా అడిగేవాళ్ళు ఉండరు. ఆ తర్వాత ఒంగోలు వైపు యర్రగుంట్ల పేరయ్య అని ఒకాయన వచ్చాడు. మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసేవాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరికి తిరిగిపోయి, వ్యాపారం మీద తనకు తెలిసిన పల్లెల్లో చెప్పుకుంటూ తిరిగాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లఫ్ దొర అక్కడికి పోయేసరికి జనం సిద్ధంగా ఉన్నారు. పుస్తకాల్లో దొర పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, పేరయ్య పేరు కిందెక్కడో ఉంటుంది.

ఆ తర్వాత ధాత కరువు వచ్చింది, 1876 నుంచి 78 దాకా. మన కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలను ఊడ్చేసిన కరువు అదే. క్లఫ్ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. ఆ కూలి, ఆ గింజలు ఇస్తున్నన్నాళ్ళు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో, నమ్మి వచ్చారో తెలియదు కదా. కరువు పని అయిపోయాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందరూ ఆ 2,222 అంకెను చెప్తారు. నాకు మాత్రం దానికి ముందు ఆపి ఉంచిన ఆ నెలలే పెద్దవిగా కనబడతాయి. పాలపొడికి మతం మారారన్న ఎత్తిపొడుపు వింటూ పెరిగినదాన్ని. మా అమ్మ జమ్మలమడుగు క్యాంప్‌బెల్ మిషన్ ఆసుపత్రిలో ఆయమ్మ.

నీ సండే స్కూలు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2017లో, బీద పిల్లలకు సాయం చేసే అమెరికా సంస్థ కంపాషన్ మన దేశం నుంచి వెళ్ళిపోయినప్పుడు, "ప్రాజెక్టు" ఎత్తేసిన నెలలోపే పిల్లలు సగమైపోయిన సంఘాలు చూశాను. నోటు పుస్తకాలు, గుడ్డు ఆగిపోయాయి, పిల్లలూ ఆగిపోయారు. వాళ్ళ తప్పేం కాదు. మీ 40 మందిలో ఎంతమంది ఆదివారం ట్యూషన్‌కు పోతున్నారు, ఎన్ని కుటుంబాలు బెంగళూరుకు వలస పోయాయి, ఎంతమంది నీ పాఠం బోరు కొట్టి మానేశారు (నొచ్చుకోకు, నేనూ 30 ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను), ఎంతమంది తల్లిదండ్రులు లెక్కల గొడవతో మొహం చాటేశారు? ఒక ఆదివారం సాయంత్రం ఆ ఇళ్ళకు పోయి కూర్చో. కానుక కవరు తీసుకుపోకు.

ఇప్పుడు ఆ "అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" సంగతి. ఈ మాట విని విని నాకు చెవులు చిల్లులుపడ్డాయి. నేను పుట్టి పెరిగిన సంఘంలోనే, పేరెందుకులే, ఆస్తి మీద రెండు వర్గాలు కోర్టుకెక్కినప్పుడు ఇరుపక్షాలూ ఈ వాక్యాన్నే ఎత్తుకున్నాయి. అది 105వ కీర్తనలో ఉంది. ఒక్క వాక్యం కాదు, పైన ఆరు వాక్యాలు కలిపి చదువు. అక్కడ అభిషిక్తులు ఎవరు? అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. కొద్దిమంది, సొంత స్థలం లేదు, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరుగుతున్న పరాయివాళ్ళు. దేవుడు గద్దించింది రాజులను. చేతిలో అధికారం ఉన్నవాళ్ళతో, ఈ దిక్కులేనివాళ్ళ జోలికి పోవద్దు అని చెప్పిన మాట అది. దాన్ని తీసుకుని, మైకు చేతిలో ఉన్నవాడు, స్థలం పేరు మీద ఉన్నవాడు, లెక్క అడిగిన ఆడపిల్ల మీదికి విసురుతున్నాడు. కీర్తన మొత్తం తలకిందులైంది.

తనను చంపాలని తరుముతున్న సౌలు రాజును దావీదు ముట్టలేదు కదా అంటారు. అవును, చంపలేదు. కానీ ఎదుటి కొండ మీద నిలబడి, నన్నెందుకు తరుముతున్నావని గట్టిగానే అడిగాడు. ఆ దావీదే అభిషిక్తుడై తప్పు చేసినప్పుడు ప్రవక్త నాతాను నేరుగా పోయి, "ఆ మనిషివి నువ్వే" అన్నాడు. అభిషిక్తుణ్ణి ముట్టావని దావీదు అతని మీద కేకలేయలేదు.

సండే స్కూల్లో జక్కయ్య పాట పాడిస్తావు కదా. సుంకం వసూలు చేసే పొట్టివాడు, మేడిచెట్టు, అంతా అభినయం చేయిస్తాం. కథ అసలు తిరిగేది చెట్టు దిగాక. యేసు ఆ ఇంట్లో అడుగుపెట్టాక జక్కయ్య చేసిన మొదటి పని లెక్క చెప్పడం. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ లెక్క విన్నాకే. కన్నీళ్ళు వచ్చాయో లేదో అక్కడ రాయలేదు. మనం మాత్రం ఉజ్జీవం అంటే రాత్రి పదకొండు దాకా కీబోర్డు మీద ఏడిపించడం అనుకుంటున్నాం. నన్నడిగితే, మీ సంఘంలో ఉజ్జీవం వచ్చే రోజు రసీదు పుస్తకం బల్ల మీద పెట్టిన రోజు.

పౌలు అంతటివాడు యెరూషలేము బీదల కోసం పోగైన చందాను ఒక్కడే మోయలేదు. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ మమ్మల్ని తప్పుపట్టకూడదని సంఘాలు ఎంచిన మనుషులను వెంటబెట్టుకున్నాడు, రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ఇంకొకటి అపొస్తలుల కార్యాలు ఆరు. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు రోజువారీ భోజనం సరిగా అందడం లేదని సణుగుడు మొదలైంది. అపొస్తలులు వాళ్ళను నోరుమూయమనలేదు. ఏడుగురిని ఎంచుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చూడు: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు... అన్నీ గ్రీకు పేర్లే. సణిగిన పక్షం వాళ్ళ చేతికే భోజనబల్ల అప్పజెప్పారు. ఆ వెంటనే రాసి ఉంది, శిష్యుల సంఖ్య పెరిగిందని.

ఇప్పుడు చేయాల్సిన పని. ముందు ఆ స్థలం ఎవరి పేరు మీద ఉందో ఖాయం చేసుకో. "అంటున్నారు" మీద ఒక్క అడుగు కూడా వేయకు. సర్వే నంబరు తెలిస్తే ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఎవరైనా తీసుకోవచ్చు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనో ఆన్‌లైన్‌లోనో. సంఘం సొసైటీగా రిజిస్టర్ అయిందేమో నాన్నను అడుగు. అయి ఉంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం వర్తిస్తుంది, ఏటా లెక్కలు రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చెయ్యాలి. కాకపోతే, మొదట అడగాల్సింది అదే.

తర్వాత ఒక కాగితం రాయండి. ఒక్కదానివే రాయకు, నలుగురైదుగురు సంతకం పెట్టండి. ఒక్కరైనా ముసలామె ఉండాలి, సంఘం పెట్టినప్పటి నుంచి ఉన్న మనిషి. సాక్ష్యాల టైంలో లేచి అడగకు, వాట్సాప్ గ్రూపులో అసలు పెట్టకు. ఇంటికి పోయి చేతికియ్యండి. మూడే అడగండి: స్థలం సంఘం పేరుకు మార్చాలి, బ్యాంకు ఖాతాకు రెండు సంతకాలుండాలి, మూడు నెలలకొకసారి ఆరాధన అయ్యాక జమాఖర్చులు చదివి వినిపించాలి. డ్రమ్స్ జోలికి, స్క్రీను జోలికి పోవద్దు. అవి మీకు నచ్చకపోవచ్చు, నాకూ నచ్చవు, కానీ అది పాపం కాదు. వాటిని కలిపితే "పాతకాలం వాళ్ళ ఏడుపు" అని కొట్టిపారేస్తాడు.

ఆ అబ్బాయి గురించి కూడా ఒక మాట. అతను దొంగే అనుకోకు. తండ్రి పోయాడు, నాలుగు మందిరాల అవతల పెద్ద మందిరం కట్టిన పాస్టరుతో పోటీ, ఇంట్లో జీతమంటూ లేదు, కానుక తగ్గితే కరెంటు బిల్లు కూడా కష్టమే. స్వతంత్ర సంఘాల్లో పాస్టరుకు ఇంత అని జీతం తేల్చకపోవడం సగం రోగానికి మూలం. మీ కాగితంలో నాలుగోదిగా అదీ రాయండి: పాస్టర్ గారికి నెలకింత అని సంఘం నిర్ణయించాలి. చదవగానే అతని మొహం మారొచ్చు.

ఉండాలా పోవాలా అని అడిగావు. ఒక ఆరు నెలలు పెట్టుకో. కాగితం ఇచ్చాక స్థలం మారితే, ఒక్కసారైనా లెక్క చదివితే, ఉండు. కాదు, మిమ్మల్నే వేదిక మీద నుంచి పేరెత్తకుండా శపిస్తే, పో. పోయేటప్పుడు చెప్పి పో, ఎందుకు పోతున్నావో ఆ ముసలామెకైనా చెప్పి పో. ఆ 11 మందిని వెంటబెట్టుకుని ఇంకో సంఘం మాత్రం పెట్టొద్దు. మన సీమలో సంఘం చీలి సంఘమై, అది చీలి ఇంకో సంఘమై, చివరికి ఒక్కో కులానికి, ఒక్కో ఇంటికి ఒక బోర్డు తగిలింది. మా చిన్నప్పుడే మాలపల్లెలో ఒక గుడి, మాదిగపల్లెలో ఒక గుడి. అది చాలదా.

ఆడపిల్లవు నీకెందుకు అని కూడా అని ఉంటారు, నువ్వు రాయకపోయినా. 1947లో కొన్ని ప్రొటెస్టెంటు సభలు కలిసి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడినప్పుడు నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది మేం కలవం పొమ్మని బయటే ఉండిపోయారు. ఆ డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) 1975లో గానీ కలవలేదు. అంత పట్టుదల ఉన్న చోటే 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ. మొత్తానికి తొలి మహిళా బిషప్. మనవాళ్ళు ఎప్పుడు ఎటు తిరుగుతారో ముందే చెప్పలేం తల్లీ, నేనైతే పందెం కాయను.

మిగిలింది నాన్న. ఆయన పిరికివాడు కాదు, ఆ సంఘానికి ఇటుకలు మోసిన మనిషి. లెక్కలు బయటపడితే తాను మోసిన ఇటుకలు కూడా కూలతాయేమోనన్న భయం. కాగితం రాసే ముందు ఆయన దగ్గర కూర్చుని, ఆ సంఘం మొదలైన రోజుల్లో కానుకల డబ్బు ఎవరి దగ్గర ఉండేది, ఎలా లెక్క రాసేవారు అని అడుగు. బహుశా ఒక పాత నోటు పుస్తకం బీరువాలో ఇంకా ఉంటుంది. అది తీయించు. ఈసీ చేతికొచ్చాక మళ్ళీ రాయి.